ఏడు ఓట్ల సందు

ఆ సందులో అందరూ అతన్ని సోఫా బావ అంటారు. ముందుగదిలో పాత సోఫాలు విప్పి, కొత్త స్పాంజి పెట్టి, రెగ్జిన్ తొడుగుతాడు. వెనకగదిలో భార్య, కూతురు, పొయ్యి. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఇది ఆరో ఇల్లు. మారినప్పుడల్లా కుట్టుమిషను, కత్తెర్లు, మంచం వెంట తెచ్చుకున్నాడు. ఓటు మాత్రం రెండో ఇంటి దగ్గరే ఉండిపోయింది.

సందులో కాలువ లేదు. వాన పడితే వీధిలో మురుగంతా గడప దాటి లోపలికొస్తుంది. స్పాంజి సంగతి తెలిసిందే, తాగిన చుక్క వదలదు. రెండు వానలకి రెండు సోఫాలు కంపు కొట్టాయి. ఒకావిడ ముక్కు మూసుకుని సోఫా వెనక్కి పంపింది. ఇంకో రెండు వానలు పడితే గిరాకీ మూటాముల్లె సర్దుకుంటుందని బావకి అర్థమైంది.

పక్కింట్లో అద్దెకుండే నర్సమ్మతో కలిసి గడపగడపా తిరిగి, అరవైనాలుగు సంతకాలతో అర్జీ రాసి, వార్డు మెంబరు దగ్గరికి వెళ్ళాడు. మెంబరు అర్జీ చదవకుండానే గుమాస్తా చేతికిచ్చాడు. గుమాస్తా ఓటర్ల జాబితా తీసి, పేరు పేరూ చూసి, "ఏడు" అన్నాడు.

"ఏడేంటండీ?"

"మీ సందులో ఓట్లు. అవీ ఇళ్ళ యజమానులవే. అందులో అయిదుగురు అక్కడ ఉండరు కూడా."

"అరవైనాలుగు కొంపలున్నాం గదండీ!"

మెంబరు నవ్వాడు. చెడ్డవాడేం కాదు, లెక్క తెలిసినవాడు. "ఇవాళ ఉన్నారు బాబూ. ఎన్నికలు వచ్చే ఏడాది. అప్పటికి ఎంతమంది ఉంటారో చెప్పు."

ఆ లెక్క బావకీ తెలుసు. అద్దెకి దిగిన పదకొండో నెల రాగానే ఆ సందులో అద్దెలు పెరుగుతాయి, సగం మంది సామాను కడతారు.

ఓటు మార్పించుకోవాలంటే ఇంటివాడి సంతకంతో అద్దె కాగితం కావాలి. ఇంటాయన ఒకటో తారీఖున స్కూటర్ మీద వస్తాడు. దిగడు, హారన్ కొడతాడు.

"సంతకమా? ఇవాళ ఓటంటావు, రేపు ఇల్లే నాదంటావు."

"తుడుచుకునేది మేమే గానీ, నానేది మీ గోడే కదండీ."

ఇంటాయన గోడ వంక చూశాడు. మోకాలెత్తున చెమ్మ. "నెలకి అయిదొందలు ఎక్కువిస్తే పెడతా."

వెనకగదిలోంచి భార్య అందుకుంది. "ఓటుకి డబ్బులు పుచ్చుకునేవాళ్ళని చూశాను గానీ, ఎదురిచ్చేవాణ్ణి నిన్నే చూస్తున్నానయ్యా!"

"నవ్వవే, నవ్వు. ఈసారి నీళ్ళు నీ మంచం కిందికే వస్తాయి."

"రానీ. ఆ డబ్బుతో ఎత్తు మంచం కొనుక్కుందాం."

అనడం అంది గానీ, మర్నాడు ఆ అయిదొందలు తన డబ్బాలోంచి తనే తీసిచ్చింది.

మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. కొందరు ఇంటివాళ్ళు ఊరికే సంతకం పెట్టారు, కొందరు మూడొందలకి దిగారు, కొందరు తలుపే తియ్యలేదు. ఆసుపత్రి డ్యూటీ దిగొచ్చి నర్సమ్మ కాగితాలు నింపేది. కొత్త జాబితాలో ఏడు కాస్తా నలభైఒకటి అయింది. నెల తిరక్కుండా తవ్వే యంత్రం వచ్చింది. సిమెంటు కాలువ, పైన పలకలు. మొదటి వానకి నీళ్ళు బుద్ధిగా కాలువలో పోతుంటే, బావ గడపలో కూర్చుని సినిమా చూసినట్టు చూశాడు.

ఆ ఒకటో తారీఖున ఇంటాయన స్కూటర్ దిగాడు. పలకల మీద నడిచి, కాలితో తట్టి చూశాడు. "సందు బాగుపడిందోయ్. ఇప్పుడు బయట రెండు వేలు ఎక్కువ పలుకుతోంది."

"ఈ కాలువ తెచ్చింది మేమండీ."

"కాదన్నానా? అందుకే ముందు నిన్నడుగుతున్నా."

నెలకి రెండు వేలు బావ వల్ల కాలేదు. ఊరి చివర ఏడో ఇల్లు దొరికింది. నర్సమ్మ ఉండిపోయింది. వాళ్ళ ఇంటివాడింకా పలకల మీద నడవలేదు.

ఓట్ల రోజున బావ పని మానుకుని, రెండు బస్సులు మారి ఆ సందువాళ్ళు ఓటేసే బడికి వచ్చాడు. భార్య రానంది. "లేని ఇంటికి కాపలా నువ్వే కాయి" అంది.

వరసలో నర్సమ్మ కనబడింది. "ఇంత దూరం ఎందుకొచ్చావన్నయ్యా? ఇప్పుడు నీకేం ఒరుగుతుంది?"

"నలభైఒక్క ఓట్లున్నాయని చూపించి కాలువ తెచ్చుకున్నాం. తీరా ఇవాళ ముప్ఫయ్యే పడితే, రేపు మీరు కొళాయి అడిగితే ఎవడు వింటాడమ్మా?"

"ఖాళీ చేసి పోయినవాళ్ళు ఎనిమిది మంది. అందరూ నీలాగే వస్తారా?"

"ఫోన్లు చేశాను. చూద్దాం."

ఓటేసి, బావ మధ్యాహ్నం దాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆ ఎనిమిది మందిలో తనతో కలిపి అయిదుగురు వచ్చారు. ఆ లెక్క నర్సమ్మకి చెప్పి, బస్సెక్కాడు.