ఘాట్ దిగే బండికి బ్రేకు

1984లో నేను పశ్చిమ పెన్సిల్వేనియాలోని ఒక రైలింజన్ల ఫ్యాక్టరీలో బ్రేకుల టెస్ట్ ఇంజినీర్‌గా ఉన్నాను. ఆ వసంతంలో నాకు అప్పగించిన పని, ఆఫ్రికాలోని ఒక రైల్వే కోసం తయారైన డీజిల్ ఇంజన్లను అక్కడినుంచి వచ్చిన బృందం ఎదుట పరీక్షించి చూపడం. బృందం నాయకుడు సంతకం పెట్టనిదే ఇంజన్లు ఓడ ఎక్కవు. ఫ్యాక్టరీలో అప్పటికే లేఆఫ్‌లు జరిగాయి. ఈ ఆర్డరు పోతే మరో విడత తప్పదని అందరికీ తెలుసు.

ఆ రైలుమార్గాన్ని వేసింది చైనా. గిట్టుబాటు కాదని పాశ్చాత్య దేశాలు వదిలేసిన దారిని చైనా ప్రభుత్వం వడ్డీ లేని అప్పిచ్చి, తన మనుషుల్ని పంపి, సముద్రం దాకా వేయించింది. రవాణా పెరిగి పాత ఇంజన్లు చాలకపోవడంతో ఆ రైల్వే అమెరికా ఇంజన్లకు సిద్ధపడింది. అప్పటికి అమెరికాకూ చైనాకూ దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి కనుక ఎవరూ అడ్డు చెప్పలేదు. అయితే లైను మీద చైనా ఇంజినీర్లు ఇంకా సలహాదార్లుగా ఉన్నారు. అందువల్ల బృందం నాయకుడైన చీఫ్ మెకానికల్ ఇంజినీర్ ఎంబెవేగారి వెంట లియాంగ్ అనే చైనా ఇంజినీర్ కూడా వచ్చాడు.

లియాంగ్‌ని ఒంటరిగా వదలవద్దని సెక్యూరిటీ ఆఫీసర్ నాకు ప్రత్యేకంగా చెప్పాడు. నువ్వూ వాళ్ళ పక్క దేశం వాడివే కదా అని కూడా అన్నాడు. నవ్వుతూ అన్నాడో, అనుమానంతో అన్నాడో తెలియలేదు. ఆ నెలాఖరులోనే నా సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. పైగా అరవైరెండు యుద్ధం నాటికి నేను కాకినాడలో చదువుకుంటూ, చైనాకు వ్యతిరేకంగా ఊరేగింపులో గొంతు పోయేలా అరిచినవాణ్ణి. మా అమ్మ చేతి బంగారు గాజు తీసి రక్షణ నిధికి ఇచ్చింది. ఇప్పుడు రోజూ పొద్దున్నే ఆ దేశస్థుణ్ణి మోటెల్ నుంచి నా కారులో తీసుకురావాలి. మొదట్లో వాతావరణం తప్ప మరేమీ మాట్లాడుకోలేదు. చివరికి అతనే యుద్ధం మాటెత్తాడు. అప్పుడు తానూ విద్యార్థేనట, తానూ ఊరేగింపులో నడిచాడట. ఇద్దరం నవ్వలేదు కానీ, ఆ తర్వాత బ్రేకుల గురించి మామూలుగా మాట్లాడుకోగలిగాం.

రైలింజన్‌కు గాలి ఒత్తిడితో చక్రాలను పట్టే బ్రేకు కాక డైనమిక్ బ్రేకు అని మరొకటి ఉంటుంది. దిగుడులో మోటార్లే జనరేటర్లుగా మారి కరెంటు పుట్టిస్తాయి. ఆ పనిలో బండి జోరు తగ్గుతుంది. పుట్టిన కరెంటు గ్రిడ్లు అనే లోహపు పట్టీల్లో వేడిగా మారితే, ఆ వేడిని బ్లోయర్ అనే పెద్ద ఫ్యాను బయటికి ఊదేస్తుంది. కొండ దిగే పొడవైన ఘాట్‌లో ఇదే ప్రాణాధారం. గాలి బ్రేకునే నమ్ముకుంటే బ్రేకు దిమ్మలు కాలిపోతాయి.

ఫ్యాక్టరీ టెస్టులో గ్రిడ్లు కాంట్రాక్టులో రాసినంత సేపూ నిలిచాయి. ఎంబెవేగారు పెన్ను తీశారు. అప్పుడు లియాంగ్ నావైపు తిరిగి, బ్లోయర్‌కి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగాడు. గ్రిడ్ల నుంచే అన్నాను. బండి ఆగితే? ఫ్యానూ ఆగుతుందన్నాను. తమది ఒంటి లైనని, ఘాట్ మధ్యలో ఎదురుబండి కోసం ఆగే స్టేషన్ ఉందని, అక్కడి కొండను తొలిచింది తన బృందమేనని చెప్పాడు. మండుతున్న గ్రిడ్లు గాలి లేకుండా నిలబడి, మళ్ళీ దిగుడు మొదలైతే ఏమవుతుందన్నది అతని ప్రశ్న.

ఇక్కడి ఘాట్లలో జంట లైన్లు. దిగే బండి మధ్యలో ఆగడం అరుదు కనుక ఆ టెస్టు మేమెప్పుడూ చేయలేదు.

నా మేనేజర్ డాన్ మంచివాడే. కానీ ఆ ఏడాది అతని మెడ మీద కత్తి వేలాడుతోంది.

“కాంట్రాక్టులో అడిగింది ఇచ్చాం. అడగనిది మన పని కాదు” అన్నాడు.

“మా డ్రైవర్లు కాంట్రాక్టు చదివి బండి నడపరు” అన్నారు ఎంబెవేగారు.

డాన్ నన్ను చూశాడు. “మూర్తీ, ఇది నిజంగా సమస్యేనా?”

మర్నాడు చెబుతానన్నాను. సాయంత్రం ఇంట్లో సరోజకు విషయం చెప్పాను.

“రిస్క్ ఎందుకండీ? ఇంటర్వ్యూ ముందు పెట్టుకుని చైనా ఆయన్ని సపోర్ట్ చేస్తే ఏమనుకుంటారో! అసలే లేఆఫ్‌లంటున్నారు” అంది నా భార్య. మళ్ళీ తనే, “అయినా ఆయన చెప్పింది తప్పా?” అని అడిగింది.

“కాదు.”

“మరింక నన్నడగడం దేనికి?” అని ప్లేట్లు పెట్టడానికి లేచింది.

మర్నాడు సమస్యేనని చెప్పాను. డాన్ విసుక్కుంటూనే దగ్గర్లోని కొండదారిలో బొగ్గు వ్యాగన్లతో టెస్టుకు ఏర్పాటు చేశాడు.

ఇంజన్ క్యాబ్‌లో డ్రైవర్, ఎంబెవేగారు, లియాంగ్, నేను. సగం దిగుడు సాఫీగా జరిగింది. అనుకున్న చోట బండి ఆపించాను. బ్లోయర్ రొద ఆగిపోయింది. గ్రిడ్లను మోసే పింగాణీ దిమ్మల వేడిని చూపే సూది దిగకపోగా పైకి పాకసాగింది. టెస్టు అక్కడితో ఆపేయవచ్చు. కానీ ఉత్త సూదిని చూపిస్తే డాన్ ఒప్పుకోడు. పోనివ్వమన్నాను.

కొంత దూరం పోయాక కప్పు కింద ఫట్‌మని చప్పుడైంది. వేడికి జారిన గ్రిడ్ పట్టీ ఇంజన్ ఒంటికి తగలగానే, ప్రమాదంలో కరెంటు తెంచే రిలే పడిపోయింది.

“డైనమిక్ పోయింది!” అని అరిచి డ్రైవర్ గాలి బ్రేకు వేశాడు.

బండి వెంటనే వినలేదు. బొగ్గు బరువు వెనకనుంచి నెడుతూనే ఉంది. ముందు మలుపు. లియాంగ్ కమ్మీ పట్టుకుని తన భాషలో ఏదో గొణుక్కున్నాడు. సరోజకు ఎవరు ఫోన్ చేస్తారా అన్న ఆలోచన వచ్చింది. మలుపులో చక్రాలు కీచుమన్నాయి, కాలిన ఇనుము వాసన క్యాబ్ నిండింది. మలుపు దాటాక మెల్లగా, చాలా మెల్లగా, బండి ఆగింది.

కిటికీలోంచి వంగి, పొగలు వస్తున్న చక్రాలను చూసి ఎంబెవేగారు అన్నారు: “మా దగ్గరైతే వెనక ఉండేది బొగ్గు కాదు, మనుషులు.”

ఫ్యాక్టరీకి తిరిగొచ్చాక బ్లోయర్‌ను గ్రిడ్ల నుంచి విడదీసి, బండి ఆగినా తిరిగేలా వేరే జనరేటర్‌కు కలిపాం. అదే కొండ మీద మళ్ళీ పరీక్షించాం. ఈసారి నిలిచింది. ఇంజన్లు ఆలస్యంగానే అయినా ఓడ ఎక్కాయి. లేఆఫ్ మాత్రం తప్పలేదు. అందులో పోయింది డాన్; నేను ఉన్నాను. కారణం నాకెవరూ చెప్పలేదు. సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూలో చైనా ప్రస్తావనే రాలేదు.

ఆ తర్వాత నేను తయారుచేసిన ప్రతి బ్రేకు టెస్టులోనూ దిగుడు మధ్య ఒకసారి బండిని ఆపించేవాణ్ణి. కాంట్రాక్టు కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ఒప్పందం. కొండకు దానితో సంబంధం లేదు. ఆ కొండ సంగతి తెలిసినవాడెవరో వెతికి అడగడం టెస్ట్ ఇంజినీర్ ఉద్యోగంలో భాగం. అతను ఏ జెండా కింద పనిచేస్తాడన్నది సెక్యూరిటీవాళ్ళు చూసుకోవలసిన విషయం.