బావిలోకి దిగే లైటు

కర్నూలు బస్టాండులో ఒకడు నీళ్లలోనూ వెలిగే లైట్లు అమ్ముతున్నాడు. నా పక్కన కూర్చున్న మనిషి ఒకటి తీసుకొని నా చెంబులో ముంచాడు.

“ఏమప్పా, అవి తాగే నీళ్లు! వేరే నీళ్లు నువ్వు కొనిస్తావా?”

అతను ముక్కు మూసుకొని ఊపిరి బిగబట్టాడు. అతను ఊపిరి వదలకముందే లైటు ఆరిపోయింది. లేచి దాంతోనే అమ్మేవాడి మూతి పగలగొట్టాడు. నెత్తురు నా చీర మీద చిందింది.

“ఇట్లాంటిదే నమ్మి నా తమ్ముడు నిన్న మోటారు తీసేకి బావిలోకి దిగినాడవ్వా. శవం ఇంగా లోపలే ఉండాది. వాణ్ణి తీసేకి ఇప్పుడు నేను దిగాల.”

మళ్లీ చెయ్యెత్తాడు. పట్టుకున్నాను.

“వీణ్ణి చంపితే వాడు లేస్తాడా? ఇంగోటి ముంచి చూడు.”

అమ్మేవాడే నెత్తురు తుడుచుకోకుండా ఇంకోటి ముంచి, తన ముక్కు మూసుకున్నాడు. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అమ్మేవాడు ముందు వదిలేశాడు. ఆ మనిషి వదల్లేదు. లైటు వెలుగుతూనే ఉంది.