మా వంటింట్లో పోయిందన్న ఏడాది

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు కీళ్ళజ్వరం వచ్చి గుండెను పట్టుకుంటే, మెట్లెక్కకూడదు, పరుగెత్తకూడదు అన్నాడు డాక్టరు. దాంతో మా నాన్నే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పారు. పరీక్షలన్నీ ప్రైవేటుగా కట్టి డిగ్రీ దాకా లాక్కొచ్చాను. క్లాసురూములో బెంచీ మీద కూర్చుని పాఠం వినడం ఎలా ఉంటుందో నాకు తెలియదు. అందుకు ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. ఆ జ్వరమే రాకపోతే నాన్నతో అన్నేళ్ళు ఒకే బల్ల దగ్గర కూర్చునే భాగ్యం ఎక్కడిది?

నాన్న నేర్పిన అలవాటు ఒకటి నాతోపాటు అమెరికాలో చికాగో పక్కనున్న నేపర్‌విల్ దాకా వచ్చింది. సాయంత్రం దీపం పెట్టాక, ఆ రోజు మనకు మేలు చేసిన మనిషిని ఒకరిని తలుచుకుని, ఏం చేశారో పైకి చెప్పాలి. ఊరికే థాంక్స్ అంటే చెల్లదు. వినేవాళ్ళకు ఆ మనిషి కళ్ళకు కట్టాలి. దేవుడికి దణ్ణం ఎలాగూ పెడతాం, ఆయన పంపిన మనిషిని మాత్రం మర్చిపోతాం అనేవారు నాన్న.

మా అక్కా బావా ఇంగ్లండులో డాక్టర్లు. న్యూయార్కులో టవర్లు కూలిన ఆ శరదృతువులో, అక్కడి బళ్ళో పిల్లలు మా అక్క కొడుకుని రంగు చూసి ఏవేవో పేర్లు పెట్టి ఏడిపించారు. అదే సమయంలో అక్కకు రొమ్ము క్యాన్సరని తేలింది. పదేళ్ళవాడు. ఇంట్లో తల్లి వాంతులు, బళ్ళో ఆ తిట్లు. మెల్లగా మాట్లాడటమే మానేశాడు. “కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచుకోవే,” అని అక్క ఫోన్లో ఏడ్చింది. బావ తీసుకొచ్చి దింపి, మర్నాడే వెనక్కి పరుగెత్తాడు.

మేం ముందు వెళ్ళింది బడికే. విజిటర్ వీసా మీద వచ్చిన పిల్లవాణ్ణి చేర్చుకోవడం కుదరదన్నారు. పార్కింగ్ లాటులో కారు స్టార్ట్ చేయకుండా కూర్చుని, “ఇప్పుడేం చేద్దామే?” అన్నారు మావారు.

“నాకు తెలిసిన బడి ఒకటుంది,” అన్నాను.

అలా మా వంటింటి బల్ల వాడి బడి అయింది. మా అమ్మాయి అప్పటికి ఏడాది పిల్ల, బల్ల కింద పాకుతూ ఉండేది. మావారు చికాగో వెళ్ళే రైళ్ళ టైంటేబుల్ ముందు పెట్టుకుని లెక్కలు చేయించేదాన్ని. ఏ రైలు ఏ స్టేషన్‌లో ఆగదో, ఎక్కడ దేన్ని దాటుతుందో వాడు నాకంటే ముందే కనిపెట్టేవాడు. లైబ్రరీ నుంచి మోయగలిగినన్ని పుస్తకాలు తెచ్చుకునేవాళ్ళం. తెలియనిది అడిగితే “నాకు రాదు, చూద్దాం పద,” అనేదాన్ని. పోస్టులో వచ్చిన ప్రకటన కాగితాల వెనక తెలుగు అక్షరాలు దిద్దించాను.

అయినా వాడి నోరు విప్పించింది చదువు కాదు, దీపం. మొదట్లో వాడి వంతు వచ్చేసరికి తల అడ్డంగా ఊపేవాడు. నేను బలవంతపెట్టలేదు. పెద్ద మంచు కురిసిన ఒక రోజు, దీపం కనబడేలా మా మెట్లలో అడుగు మెట్టు ఎక్కి నిలబడి, “మంచు బండి అంకుల్,” అన్నాడు.

“ఆయనా? రోడ్డు మీది మంచంతా తోసుకొచ్చి మన డ్రైవ్‌వే ముందు కొండంత పోసిపోయాడు కదరా! గంటన్నర తవ్వాను!” అన్నారు మావారు.

“కానీ బాబాయ్, నువ్వు తవ్వేప్పుడు చూసి ఆపాడు. వెనక్కి వచ్చాడు. హాఫ్ తీశాడు. తర్వాత హ్యాట్ తీసి ఇలా అన్నాడు,” అని తలమీంచి లేని టోపీ తీసి చూపించాడు.

మేమిద్దరం నవ్వాం. వాడూ నవ్వాడు. నేను పూజ అర వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ తరువాత వాడిని ఆపడమే కష్టమైంది. లైబ్రరీలో సీలు వేసే ఆవిడ, పోస్టు తెచ్చే ఆయన, అందరూ ఆ మెట్టు మీదికి వచ్చేవారు. ఎవరి ముఖంలోకి చూసి చెబితే మిగతావాళ్ళు కూడా వింటారో వాడు అక్కడే కనిపెట్టాడు. అక్కకు నయమైంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో నా చీర కుచ్చిళ్ళు వదలలేదు. బావే విడిపించుకుని తీసుకెళ్ళాడు.

అక్కడ బడి డిబేట్లలో వాడికి ఎదురులేకపోయింది. పద్దెనిమిదేళ్ళకే ఒక పార్టీలో చేరి, వానలో ఇంటింటికీ తిరిగి కరపత్రాలు పంచాడు. యూనివర్సిటీలో ఉండగానే వాళ్ళ ఊరి కౌన్సిల్‌కి గెలిచాడు. “కుక్కలు కరిచినా ఓట్లు అడగడం మానట్లేదే మీవాడు,” అనేది అక్క. ఇరవై నాలుగో ఏట పార్లమెంటుకి వెళ్ళాడు. ఆ రోజు మా దీపం దగ్గర నేను వాడికి ఓటేసిన ముక్కూ మొహం తెలియని మనుషులందరికీ దణ్ణం పెట్టుకున్నాను.

అదే ఏడాది చికాగోలో ఒక యూనివర్సిటీవాళ్ళు వాణ్ణి మాట్లాడమని పిలిచారు. మావారు సెలవు పెట్టారు. మా అమ్మాయి హైస్కూలు ఎగ్గొట్టింది. ముగ్గురం రైల్లో వెళ్ళి మూడో వరుసలో కూర్చున్నాం. వాడు మైకు ముందుకు వచ్చి, “మొదలుపెట్టే ముందు ఒకరికి థాంక్స్ చెప్పాలి. పొద్దుటినించి ఈ కుర్చీలు వేసిన ఆయన ఆ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు,” అన్నాడు. ఆయన ఎలా కుర్చీ కాలు కింద కాగితం మడిచిపెట్టాడో కూడా చెప్పాడు. హాలంతా వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టింది. మావారు నా చేయి నొక్కారు. ఇది మా మెట్టే అనుకున్నాను.

వెంటనే వాడు ఇంగ్లీషులో చెప్పినదానికి తెలుగు ఇది: “నాకు పదేళ్ళప్పుడు ఒక ఏడాది బడికి కనబడకుండా పోయాను. ఇక్కడికి దగ్గర్లోనే ఒక వంటింట్లో ఉన్నాను. నాకు చదువు చెప్పిన బంధువు జన్మలో క్లాసురూములో అడుగు పెట్టలేదు. దయగల మనిషి. కానీ నేను ఏమయ్యానని ఎవరూ వచ్చి అడగలేదు. ఆ ఏడాది నాకు తిరిగి రాదు. ఇంకే పిల్లవాడూ అలా పోకూడదనే రాజకీయాల్లోకి వచ్చాను.”

ఇంటి దగ్గర చదివే పిల్లలందరి పేర్లూ నమోదు కావాలనీ, అధికారులు వచ్చి చూడాలనీ వాడు చట్టం అడుగుతున్నాడు. అందులో తప్పేమీ లేదు. ఇంట్లో మగ్గిపోయే పిల్లలు ఉంటారు. నేను దాన్ని గురించి మాట్లాడటం లేదు.

అమ్మాయి నా వైపు తిరిగింది. “అమ్మా, ఈజ్ దట్ యూ?”

జనం అప్పటికే చప్పట్లు కొడుతున్నారు. నా చేతులు కూడా కొట్టాయి.

సాయంత్రం వాడు మాతోనే ఇంటికి వచ్చాడు. బెండకాయ వేపుడు, ముద్దపప్పు చేయమని ముందే ఫోన్లో అడిగి పెట్టుకున్నాడు. చేశాను. వడ్డిస్తూ అడిగాను.

“మీ అమ్మ ఆస్పత్రిలో ఉందని చెప్పలేదేం నాన్నా? ఆ వీసా మీద బడిలో చేర్చుకోవడం కుదరదన్నారనీ చెప్పలేదు.”

“అమ్మ వద్దంది పిన్నీ. తన ఇల్‌నెస్ పేపర్లలో రావడం ఇష్టం లేదు. అది తీసేస్తే మిగతాది ఎక్స్‌ప్లెయిన్ చేయడం కష్టం.”

“అయితే మీ అమ్మని అడిగావు.”

“అడిగాను. మొత్తం చదివి వినిపించాను.”

“మరి నన్ను?”

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “నీ పేరు చెప్పలేదు కదా. నువ్వేమీ అనుకోవు అనుకున్నా. నువ్వెప్పుడూ ఏమీ అనుకోవుగా పిన్నీ.”

“బాగా చెప్పావురా,” అన్నారు మావారు. “కుర్చీలేసినవాడు కనబడ్డాడు, అన్నం పెట్టినది కనబడలేదు.”

“బాబాయ్, ప్లీజ్. ఆ లైన్‌కి జనం కదులుతారు. దానివల్లే ఈ చట్టం గురించి వింటున్నారు.”

“ఆ ఏడాది నీకు నిజంగా పోయిందా?” అని అడిగాను. నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

వాడు కంచంలో మెతుకులు దగ్గరికి చేర్చాడు. “పోలేదు పిన్నీ.”

“అయితే ఆ మాట మార్చెయ్.”

“పార్లమెంటులో నా మొదటి స్పీచ్‌లోనే చెప్పేశాను. ఇప్పుడు మారిస్తే అబద్ధమాడానంటారు. ఐ కాంట్.”

అక్క ఆ మాటలన్నీ విని ఒప్పుకుంది. తన జబ్బుని దాచమంది, నన్ను దాచమనలేదు. నేను సర్దుకుపోతానని ఇద్దరికీ తెలుసు. దేన్నైనా దేవుడి దయ అని తీసుకునే నా గుణం మీద భరోసా పెట్టుకుని ఇద్దరూ నన్ను వాడేసుకున్నారు.

చేతులు కడుక్కున్నాక దీపం పెట్టాను. వాడు అలవాటుగా వెళ్ళి ఆ అడుగు మెట్టు మీద నిలబడ్డాడు. ఇప్పుడు అంత పొడుగువాడికి ఆ మెట్టు అక్కర్లేదు. గొంతు సవరించుకుని, “ఇవాళ నేను థాంక్స్ చెప్పాల్సింది పిన్నికి,” అని మొదలుపెట్టాడు.

“ఇక్కడ వద్దు నాన్నా,” అన్నాను. “ఇక్కడ ఉన్నది మేం ముగ్గురం. మాకు తెలుసు. చెబితే అక్కడ చెప్పు.”

నోరు సగం తెరిచి అలాగే నిలబడిపోయాడు, మా ఇంటికి వచ్చిన మొదటి వారాల్లోలాగే. అప్పుడైతే వెళ్ళి దగ్గరకు తీసుకునేదాన్ని. వత్తి సర్దుతూ ఉండిపోయాను. మా ఇంట్లో ఎవరి పేరూ తలుచుకోకుండా దీపం వెలిగిన సాయంత్రం నాకు తెలిసి అదొక్కటే.

తెల్లారి టాక్సీ ఎక్కేటప్పుడు కాళ్ళకు దణ్ణం పెట్టాడు. దీవించాను. తలమీద అక్షింతలు కూడా వేశాను.

మర్నాటి నుంచి అలవాటు మళ్ళీ మొదలైంది. వీధి చివర ఇంటావిడ, పళ్ళ డాక్టరు, మా అమ్మాయి స్నేహితురాలు, మనుషులకేం కొదవ లేదు. వాడు క్షేమంగా ఉండాలని రోజూ కోరుకుంటూనే ఉన్నాను. అది వేరు. ఎవరు మేలు చేశారని తలుచుకునే చోటికి వచ్చేసరికి, వాడి పేరూ అక్క పేరూ నాలుక చివరిదాకా వస్తాయి. ఇంకా బయటికి రాలేదు. ప్రయత్నిస్తున్నానని దేవుడికి తెలుసు.