లెక్కలోకి రాని మొదటి విత్తనం

మొన్న శ్రావణంలో ఆళ్లగడ్డ దగ్గర ఒక పచ్చజొన్న చేలో నిలబడి, ఎండిన మొవ్వునొకదాన్ని రెండు వేళ్లతో పట్టి లాగాను. ఊరికే ఊడి వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లు కంపు. మొవ్వు ఈగ పిల్లపైరు లోపలికి దూరి, నడిమి ఆకును మొదలు దగ్గరే తినేసినప్పుడు వచ్చే వాసన అది. ఒకసారి పీల్చినవాడు మరిచిపోడు. నాతో వచ్చిన కుర్ర అధికారి ఫోనులో ఏదో నొక్కుకుంటూ, రైతులు ఆలస్యంగా విత్తారు సార్, అందుకే ఈగ పడింది అన్నాడు. నా ఒళ్లు మండింది. అతని మీద కాదు, పాపం, అతనికి అలాగే నేర్పారు. నలభై ఏళ్లకు పైబడింది, ఇదే వాసన మధ్య ఇదే మాట విని. అప్పుడు నా పక్కన నా పై అధికారి రంగనాయకి గారు ఉన్నారు. ఇప్పుడూ ఉండి ఉంటే ఆ కుర్రవాడికి ఆ పూట అన్నం సయించేది కాదు.

డెబ్బైల చివర్లో నంద్యాలలో ఒక వ్యవసాయ పరిశోధన కేంద్రంలో సహాయకుడిగా చేరాను. మాది ఆళ్లగడ్డ పక్క పల్లె, సేద్యం చేసే ఇల్లు. నా పై అధికారి ఒక ఆడమనిషి అని తెలిసి మా ఇంట్లో నవ్వుకున్నారు. ఆ నవ్వు మొదటి రోజే ఆరిపోయింది. ఆమెది అహోబిలంలో గుడి సేవ చేసుకునే కుటుంబం. తండ్రి ఉగాదికి నలుగురినీ కూర్చోబెట్టి పంచాంగం చదివి, ఈ ఏడు వాన ఇంత, గాలి ఇంత అని చెప్పేవాడట. ఆ ఇంట్లో పుట్టి, నిప్పులు కడిగే మడిలో పెరిగి, మోకాళ్ల దాకా నల్లరేగడి పూసుకుని తిరిగే చదువు చదువుకుంది ఆమె. నేతచీర, దానిమీద మగవాళ్ల చొక్కా, కాళ్లకు టైరు చెప్పులు. పొద్దున ఆఫీసుకు రాగానే ఆమె అడిగేది ఒకటే, నిన్న వాన యాడ పడింది అని. ఎంత పడింది అని అడగదు. యాడ పడింది, ఎప్పుడు పడింది. ఎంత అనేది మాత్రమే చెప్పినవాడికి అక్షింతలే.

ఆమె పట్టుకున్న పని ఏమిటంటే, మా వైపు ముంగారి పంటలు, అంటే తొలకరికి వేసేవి, ఎందుకు పోతున్నాయో కనుక్కోవడం. వాతావరణ మార్పు అనే మాట అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. వాన నడక మారిందప్పా, అనేది ఆమె. ఆమె అనుమానమల్లా కార్తెల మీద. మృగశిరలో వాన పడుతుంది, జొన్న విత్తాలి అని మా రైతులకు తాతల నాటి నమ్మకం. మా కేంద్రం అచ్చువేసి పంచే సేద్యపు క్యాలెండరులో కూడా అదే ఉండేది, కాకపోతే పైన ప్రభుత్వ ముద్ర. వాన మాత్రం ఆ తేదీలను లక్ష్యపెట్టడం మానేసింది. మృగశిరలో ఒక జల్లు కొట్టి ఆశపెట్టి, ఆరుద్ర, పునర్వసు పూర్తిగా ఎగ్గొట్టి, ఆనక పుష్యమిలో అంతా ఒక్కసారే కుమ్మరించేది. చివరికి మొత్తం కలిపి చూస్తే ఎప్పటి వానే. తాలూకా ఆఫీసు ఆవరణలో ఉన్న వానకొలత గొట్టానికి ఆ మొత్తమే తెలుసు. ఆ మొత్తాన్ని పట్టుకునే కరువు ఉందో లేదో తేల్చేవారు.

అట్లాంటి ఒక ఏడు ఆళ్లగడ్డ పల్లెల్లో జొన్న పిల్లపైరుగానే చచ్చింది. కారణం రాసి పంపమని పైనుంచి ఉత్తరువు వచ్చింది. మా నివేదికలో వాన వల్ల అని ఉంటే ఆ ఊళ్లను కరువు ఊళ్లుగా ప్రకటిస్తారు, పశువులకు మేత వస్తుంది. రైతు తప్పు వల్ల అని ఉంటే ఏమీ రాదు. జొన్న పోతే మనిషికి గింజ పోవడమే కాదు, ఎద్దుకు చొప్ప పోతుంది. చొప్ప లేని ఇంట ఎద్దు నిలవదు. ఈ సంగతి మా కేంద్రంలో అందరికీ తెలుసు.

మొదట మేము వెళ్లింది మా మేనమామ ఓబులేసు చేలోకి. అప్పటికే కరణం వచ్చి రాసుకుపోయాడు, పుష్యమిలో విత్తిన పైరు అని. పద్ధతి అలాగే ఉండేది. కరణం పొలం చూసే రోజున నిలబడి ఉన్న పైరు ఏదో దాని విత్తన కాలమే రాసుకోవాలి. రంగనాయకి గారు చేలో అడుగుపెట్టి సాళ్ల వెంట కొంత దూరం నడిచింది. తరవాత ఉన్నట్టుండి మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, సాళ్ల మధ్య వేళ్లతో గెలకడం మొదలుపెట్టింది. ఎండిపోయి పుల్లల్లాగా మిగిలిన మొలకలు చేతికి వచ్చాయి, ఒకదాని తరవాత ఒకటి, వరసగా. ఆ వరస ఇప్పుడున్న సాళ్లకు అడ్డంగా పోతూ ఉంది.

"ఇదేంది ఓబులేసూ, గొర్రు రెండుసార్లు తోలినావా?"

మామ తల గోక్కున్నాడు. "అవునమ్మా. మృగశిరలో జల్లు పడితే ఏసినాం. పుట్టి మాడిపాయ. ఇంట్లో తినేదానికి పెట్టుకున్న జొన్నలే మళ్ల ఏసినాం, పుష్యమిలో."

"ఆ మాట కరణానికి చెప్పలేదా?"

"చెప్పినా. పోయినదాన్ని యాడ రాసుకునేదిబ్బా, ఉండేదాన్ని చెప్పు అన్యాడు."

ఆమె ముఖం చూసి నేను రెండడుగులు వెనక్కి వేశాను. మేము చెప్పిన కాలంలోనే విత్తి, అది మాడితే నోటి దగ్గర గింజ తీసి మళ్లీ విత్తిన మనిషి, కాగితం మీద ఆలస్యం చేసిన సోమరి అయ్యాడు. ముందు విత్తు ముదిరి ఉంటే ఈగ దాన్ని ఏమీ చేయలేకపోయేది. ఈగను పిలిచింది పుష్యమి విత్తు, పుష్యమి విత్తును తెచ్చింది వాన. ఇంత తేటగా ఉంది వ్యవహారం. ఆ వారమంతా ఊరూరా తిరిగాం. ఎక్కడ తవ్వినా కింద మొదటి సాలు అడ్డంగా కనిపిస్తూనే ఉంది. ఆ మాడిన మొలకలను మట్టితో సహా గోనెసంచిలో వేయించి ఆమె నంద్యాలకు తెచ్చింది.

హైదరాబాదు నుంచి మా శాఖ పెద్దాయన వచ్చాడు. ఆయన పేరు నాకు గుర్తుంది, రాయను. గోడకు వానల పట్టిక తగిలించి, సరాసరికి లోటు లేదు కాబట్టి కరువు అనే మాటే రాదన్నాడు. రైతులు మన క్యాలెండరు పాటించకపోవడమే నష్టానికి కారణమని రాసుకున్న నివేదికను సంతకానికి ముందుకు తోశాడు. రంగనాయకి గారు గోనెసంచి తెరిచి బల్లమీద గుమ్మరించింది. తెల్లటి బల్లగుడ్డ మీద నల్లమట్టి. పాటించిన విత్తనం ఇదిగో అని, ఒక్కొక్క ఊరి పేరూ చెప్పింది. పెద్దాయన మట్టిని కాగితంతో పక్కకు నెట్టి, శాస్త్రానికి ఆవేశం పనికిరాదమ్మా, మీరు కూర్చోండి అన్నాడు.

ఆమె కూర్చోలేదు. "మా నాయన కూడా ఉగాదికి ఇట్లే చదివేవాడు సార్, ఏడాదికి ఇంత వాన అని. అది ఏ రోజు పడుతుందో ఆయన చెప్పలేదు, మీరూ చెప్పలేదు. ఆయనకు దక్షిణ ఇచ్చేవాళ్లు, మీకు జీతమిస్తాండారు. అంతే తేడా."

నివేదిక వేరే సంతకంతో వెళ్లిపోయింది. ఆళ్లగడ్డ పల్లెల్లో ఒక్కటీ కరువు ఊరు కాలేదు.

చలికాలం వచ్చేసరికి ఆళ్లగడ్డ రోడ్డు మీద ఎద్దులు నడవడం మొదలైంది. నంద్యాల సంతకు తోలుకొస్తున్నారు. డొక్కలు ఎగరేసుకుంటూ, గిట్టలు ఈడ్చుకుంటూ మా కేంద్రం గేటు ముందునుంచే పోయేవి. వాటిలో ఒకరోజు మా మామ జత కూడా ఉంది. రంగనాయకి గారు గేటు దాకా పరుగున వెళ్లింది. కళ్లముందర చంపుకునే దానికంటే అమ్ముకునేదే మేలమ్మా, అన్నాడు మామ, ఆమెను ఓదారుస్తున్నట్టుగా. ఆ తరవాత ఆయన బేతంచెర్లకు పోయి నాపరాళ్ల గనిలో కూలికి కుదిరాడు. సొంత చేను, సొంత ఎద్దులు ఉన్న మనిషి ఎవరి రాళ్లో పగలగొట్టాడు.

మరుసటి ఏడు కొత్త క్యాలెండరు కట్టలు కట్టలుగా వచ్చింది. జొన్న, మృగశిరలో విత్తండి. ఒక్క అక్షరం మారలేదు. రంగనాయకి గారు వాటిని తన గదిలో పెట్టించి తాళం వేసుకుంది. ఇది పంచితే నా చేత్తో ఇంకోసారి వాళ్ల విత్తనం మాడ్చినట్టే, పంచను అంది. ఎన్ని ఉత్తరువులు వచ్చినా తాళం తీయలేదు. ఆఖరికి తాళం పగలగొట్టారు, ఆమెను కోస్తాకు బదిలీ చేశారు.

బస్టాండుకు నేనొక్కడినే వెళ్లాను. మిగతావాళ్లకు భయం. బస్సు కదిలేముందు ఏదో ఒకటి అనాలి కదా అని, మీరు చెప్పాల్సింది చెప్పారు మేడమ్, ఆ తృప్తి ఉంటుంది అన్నాను. కిటికీలోంచి ఆమె చూసిన చూపుకు నేను తలదించుకున్నాను.

"తృప్తి ఏందప్పా? ఎద్దులు వెనక్కి వచ్చినాయా? నువ్వు మాత్రం ఎప్పుడూ తృప్తి పడొద్దు."

ఆమె చనిపోయి చాలా ఏళ్లయింది. కోస్తాలో కూడా ఎక్కడా రెండేళ్లకు మించి ఉండనిచ్చినట్టు లేదు. నేను ఆమెకున్నంత ధైర్యవంతుణ్ణి కాను గానీ, ఉద్యోగం ఉన్నంతకాలం ఏ చేలోకి వెళ్లినా ముందు వేసిన విత్తనం ఏమైందని అడగకుండా సంతకం పెట్టలేదు. అందుకు నాకు దక్కిన పేరు, తగువులమారి అని. ఉండనీ.

ఈమధ్య ఒక పెద్ద సదస్సుకు పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టారు. వాతావరణ మార్పు, పంట నష్టాలు, అదీ విషయం. ఒకాయన తెరమీద బొమ్మలు వేసి, వాన మొత్తం తగ్గకపోయినా పడే రోజులు మారాయని, నష్టమంతా అక్కడే ఉందని కొత్తగా కనిపెట్టినట్టు చెప్పాడు. హాలంతా చప్పట్లు. నేను కొట్టలేదు. నిజం ఒప్పుకుంటున్నందుకు సంతోషించండి సార్, అన్నాడు పక్కాయన. ఒప్పుకోవడానికి ఏముందిలే, అప్పుడు పోయినవి వీళ్ల ఎద్దులు కావు కదా, అన్నాను.

ఇంటికి వచ్చాక డాక్టరు బీపీ చూసి, ఈ వయసులో కోపం మంచిది కాదన్నాడు. మాత్రలు వేసుకుంటున్నాను. కోపం మాత్రం అలాగే ఉంచుకున్నాను. దాన్ని ఆ బస్టాండులో ఒక మనిషి నా చేతికిచ్చి వెళ్లింది.