అక్కకేం వచ్చో ఎవరూ అడగలేదు

నా చిన్నప్పుడు, మా నాన్నకు హైదరాబాదులో ఉద్యోగం దొరకడంతో, రాజమండ్రి నుంచి సామానంతా లారీకెక్కించుకుని మణికొండకు వచ్చిపడ్డాం. అప్పటికింకా అక్కడ ఇన్ని అపార్ట్‌మెంట్లు లేవు. మా గల్లీ చివర బండరాళ్ళు, వాటి వెనక దూరంగా కొత్తగా లేస్తున్న అద్దాల ఆఫీసులు కనిపించేవి. ఊరు మారినందుకు నాకంత దిగులు లేదు గానీ, తొక్కుడుబిళ్ళ మధ్యలో వదిలేసి రావలసి వచ్చిందన్న కోపం మాత్రం ఎన్నాళ్ళకీ చల్లారలేదు. అక్కడ నేను ఆరో గడి దాకా గెలిచాను. ఇంకాసేపుంటే ఆట నాదే. ఇంతలో లారీ హారన్ మోగింది, అమ్మ రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది.

కొత్త గల్లీలో పిల్లలు ఆడుతుంటే వెళ్ళి, నేను ఆరో గడి నుంచి మొదలుపెడతానని చెప్పాను. వాళ్ళు పడీ పడీ నవ్వారు. నేనూ తగ్గేదాన్ని కాదు, గొంతు పెంచాను. తగవు పక్కింటి అక్క దగ్గరికి వెళ్ళింది.

పక్కింటి అక్క వాళ్ళది మణికొండే. వాళ్ళ నాన్న కొత్త భవనాల దగ్గర మేస్త్రీ. ఆ ఇంట్లో పదో తరగతి దాటింది అక్కే. మామూలు ఇంటర్ కాకుండా, ఒకేషనల్ ఇంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్ చదువు, రెండేళ్ళూ పూర్తిచేసి మంచి మార్కులతో పాసైంది. అదే చదువులో డిగ్రీ చేసి పెద్ద దవాఖానలో ల్యాబుకు పెద్దగా ఉండాలని ఆవిడ ఆశ. నా జ్వరానికి రక్తం తీయాల్సి వచ్చినప్పుడు, ప్రాక్టికల్స్ కోసం చిన్న ఆసుపత్రిలో పనిచేస్తున్న అక్కే తీసింది. కబుర్లు చెబుతూ ఉంది, సూది ఎప్పుడు గుచ్చిందో నాకు తెలియనే లేదు. అమ్మ కూడా ఆశ్చర్యపోయింది.

పిల్లల తగవులన్నీ తీర్చేది ఆవిడే. నా గొడవంతా విని నవ్వేసింది.

"రాజమండ్రిల నువ్వు ఎన్ని గెలిస్తే ఏంది? ఆడి లెక్క ఆడనే, ఈడి లెక్క ఈడనే. మొదట్నుంచి ఆడితే ఏమైతది?"

నేను మూతి ముడుచుకుని మా ఇంటి మెట్ల మీద కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆటకు పోలేదు. ఎవరు పిలిచినా సరే, చేతులు కట్టుకుని వాళ్ళ ఆట చూస్తూ కూర్చునేదాన్ని. మొండిదాన్నని అమ్మ తిట్టేది, ఆ మాట నిజమే.

డిగ్రీలో చేరడానికి అక్కను రమ్మన్న రోజు గల్లీ అంతా సందడిగా ఉంది. మా అమ్మను ఎదురు రమ్మని వాళ్ళమ్మ అడిగితే, అమ్మ నిండు బిందెతో ఎదురొచ్చింది. ఇస్త్రీ చేసిన డ్రెస్సు వేసుకుని, వాళ్ళ నాన్న వెనకాల అక్క గల్లీ దాటి వెళ్ళడం నేను మెట్ల మీద నుంచే చూశాను. వాళ్ళ నాన్న ఆ రోజు పని మానుకుని, తెల్లచొక్కా వేసుకున్నాడు.

మధ్యాహ్నానికే తిరిగొచ్చారు. ఆయన నేరుగా లోపలికి పోయి పడుకున్నాడు. జరిగిందేమిటో అమ్మ నాకు తర్వాత విడమరచి చెప్పింది. ఒకేషనల్ ఇంటర్ ఉద్యోగానికి పనికొస్తుంది. పైచదువుకు పోవాలంటే మాత్రం బ్రిడ్జి కోర్సని మరికొన్ని పేపర్లు రాయాలి, అవి రాస్తేనే అది మామూలు ఇంటర్‌తో సమానం. అవి లేవని అక్కను డిగ్రీలో చేర్చుకోలేదు. ఇంటర్ చదివేటప్పుడు కాలేజీలో ఆ మాట చెప్పారట, కానీ ఇష్టమున్నవాళ్ళు రాయవచ్చని చెప్పారట. ఆ క్లాసులు సాయంత్రం పెట్టేవారు, అవి అయ్యాక మణికొండకు బస్సు ఉండేది కాదు. ఇష్టమైతేనే కదా అని అక్క మానేసింది. ఇంట్లో వాళ్ళూ, గల్లీలో వాళ్ళూ, చివరికి మా నాన్నతో సహా, ఇంటర్ అంటే ఇంటరే అనుకున్నారు. తెలిసినవాడు ఒక్కడుంటే అక్క బతుకు వేరేగా ఉండేది.

సాయంత్రం అక్క వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుంది. ఎదురుగా పిల్లలు ఆడుతున్నారు. చాలాసేపు వాళ్ళనే చూసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నువ్వు నిజంగ ఆరో గడి దాక గెలిచినవా?" అని అడిగింది.

అవునన్నాను. ఆవిడ చున్నీతో మొహం తుడుచుకుని లేచింది. పిల్లలందరినీ పిలిచి, ఈ పిల్ల ఇప్పుడు ఒంటికాలి మీద అన్ని గడులూ కుంటి చూపిస్తుందని, గీత తొక్కకపోతే ఆరో గడి నుంచే ఆడుతుందని చెప్పింది.

"నువ్వే గద అక్కా, మొదట్నుంచి ఆడాలన్నవ్!" అని పిల్లలు ఎదురు తిరిగారు.

"అవ్, నేనే అన్న. తప్పు జెప్పిన. ఈ పిల్లకు వస్తదో రాదో ముందుగాల చూడాలె."

నేను ఊపిరి బిగబట్టి గడులన్నీ కుంటుతూ దాటాను. ఎన్నాళ్ళుగానో ఆడని కాలు వణికింది గానీ, ఒక్క గీత కూడా తొక్కలేదు. పిల్లలు ఒప్పుకున్నారు. గర్వంతో అక్క వైపు చూశాను. ఆవిడ చప్పట్లు కొడుతూ కొడుతూనే మొహం చేతుల్లో దాచుకుంది.

"నాకేమొస్తదో ఒక్కరన్న అడగలే పిల్లా. కాయిదాలు చూసిన్రు, ఎల్లిపొమ్మన్నరు."

పెద్దవాళ్ళు ఏడవడం అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. ఏం చేయాలో తోచక ఆవిడ చున్నీ కొంగు పట్టుకుని నిలబడ్డాను. ఆరో గడి నుంచి ఆడమని పిల్లలు పిలుస్తున్నారు. నాకిక ఆడబుద్ధి కాలేదు.

మరుసటి యేడు ఆ పేపర్లు రాస్తానంది. ఈలోగా ఒక ల్యాబులో ఉద్యోగం దొరికింది. పరీక్షల వేళకు సెలవివ్వలేదు. ఆ పై యేడు వాళ్ళ నాన్నకు నడుం పడిపోయింది, ఇల్లు నడపాల్సింది ఆవిడే అయింది. ఇక ఆ ఊసెత్తితే "ఇప్పుడెందుకు గా ముచ్చట" అనేది. డిగ్రీ చదివి కొత్తగా వచ్చిన పిల్లలకు నరం పట్టడం నేర్పేది. కొన్నాళ్ళకు వాళ్ళే ఆవిడ మీద అధికారులయ్యేవారు. ఇప్పటికీ రక్తం తీసే గదిలోనే ఉంది.

నేను గచ్చిబౌలిలో ఒక కంపెనీలో ఉద్యోగాలకు మనుషులను ఎంపిక చేస్తుంటాను. ఐటీఐ వాళ్ళు, డిప్లొమా వాళ్ళు, ఒకేషనల్ వాళ్ళు వస్తారు. వాళ్ళ కాగితాలు పక్కన పెట్టి, మీకేం వచ్చో చేసి చూపించండి అంటాను. దీనికోసం పైవాళ్ళతో పోట్లాడాను, పొగరుబోతునన్న పేరు కూడా తెచ్చుకున్నాను. కొందరికి ఉద్యోగాలొచ్చాయి. కొందరికి నేనెంత చెప్పినా రాలేదు.

పోయినేడు అమ్మను పరీక్షలకు తీసుకెళ్ళినప్పుడు అక్క కనిపిస్తే, ఉండబట్టలేక ఈ సంగతి చెప్పాను. నువ్వు నేర్పిందే అక్కా, అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. మంచి పని చేస్తున్నావని నా తల నిమిరింది. అమ్మ చేతికి దూది అద్దుతూ, తల ఎత్తకుండా మెల్లగా అడిగింది.

"మా వయసోళ్ళను గూడ అడుగుతరా?"

మా దగ్గర వయసుకు కూడా ఒక గీత ఉంది. అది దాటినవాళ్ళను లోపలికే పిలవరు. నేను అమ్మ చేతిసంచి సర్దుతుంటే ఆవిడే నవ్వి, ఊరికే అడిగిన లే, అంది. ఎదుట ఎవరు కూర్చున్నా ముందు నీకేం వచ్చని అడగడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. వాళ్ళు చేసి చూపిస్తున్నంతసేపూ నాకు ఆ వంచిన తలే కనిపిస్తుంది.