చిన్నమ్మగారి నల్లబల్ల

మా తోటికోడలు మూడు రోజుల జ్వరంతో పోయిందని కబురు వచ్చేసరికి, నేను గుడివాడ బడిలో మూడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. బందరు బస్సెక్కి కూర్చున్నాక గానీ ఏడుపు రాలేదు. ఆ ఏడుపులోనూ కొంత అసూయ ఉంది. అది ఒప్పుకోకుండా ఆమె గురించి రాసే అర్హత నాకు లేదు.

ఆమె నా మరిది భార్య. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఐదో తరగతితో చదువు ఆపేసింది. నేను ట్రైనింగైన టీచర్ని, మా చర్చి స్త్రీల సమాజానికి కార్యదర్శిని. బందరులో మా రెండిళ్ళకీ ఒకటే అరుగు. నెలనెలా మీటింగులో "సోదరీమణులారా, సేవకు ముందుకు రండి" అని చదివేదాన్ని. అందరూ తలలూపి, కాఫీ తాగి వెళ్ళిపోయేవారు.

అప్పట్లో నేను పనిచేసే బందరు బడిలో పారేసిన నల్లబల్ల ముక్క ఆమె తెచ్చి వీధి గోడకి తగిలించింది. పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళి నర్సుల్ని అడిగేది, గిలకలదిండి నుంచి చేపలు తెచ్చే ఆడవాళ్ళని అడిగేది. వచ్చి తప్పులతడకగా రాసేది: "ఆడవాళ్ళ వార్డులో బాలింతకి ఉత్తరం రాసిపెట్టాలి. సాయంత్రం పావుగంట." "గిలకలదిండిలో జ్వరపడ్డ తల్లి పిల్లలకి అన్నం వండాలి. రెండు పూటలు." బజారుకి వెళ్ళేవాళ్ళు ఆగి చదివేవారు. చదువు రానివాళ్ళు పక్కవాళ్ళచేత చదివించుకునేవారు. చిలకలపూడిలో గిల్టు నగల పని చేసే ఇల్లాళ్ళు కూడా వచ్చి, "ఇవాళ నాకేముందండీ చిన్నమ్మగారూ?" అని అడిగేవారు.

"సేవంటే జనానికి భయమక్కయ్యా. ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అని చెప్తే వెళ్తారు," అనేది. నా ఉపన్యాసాలనే అంటోందనిపించి ముఖం ముడుచుకునేదాన్ని.

ఒక ఉదయం బల్లమీద రెండు పనులున్నాయి. రెండోది, దివిసీమ నుంచి శుక్లాల ఆపరేషన్‌కి వచ్చిన ముసలావిడ దగ్గర మధ్యాహ్నం కూర్చోవాలని. రెండు కళ్ళకీ కట్లు, తోడెవరూ లేరు. అరుగుమీద ఎవరూ లేకపోవడం చూసి, పమిటచెంగుతో ఆ వరస తుడిచేశాను. ఒక్కరోజైనా ఆమె పిలిస్తే ఎవరూ వెళ్ళలేదనిపించాలి. అంతకన్నా కారణం లేదు.

ఆ మధ్యాహ్నం ముసలావిడ నీళ్ళకోసం తడుముకుంటూ లేచి పడింది. మణికట్టు విరిగింది.

మా తోటికోడలు అన్నం మానేసింది. "రాశాననే అనుకున్నానక్కయ్యా. మర్చిపోయినట్టున్నాను," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంది. మూడో రోజుకి చూడలేక నిజం చెప్పాను.

"ఆవిడ దగ్గరికి మీరు వెళ్ళండి. కట్లు విప్పేదాకా," అంది.

వెళ్ళాను. ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే, "నువ్వు చిన్నమ్మగారివా తల్లీ?" అని అడిగింది ముసలావిడ. "కాదండీ. ఆవిడ పంపితే వచ్చాను," అన్నాను. నేను చేసిన పని మాత్రం ఆవిడకి చెప్పలేకపోయాను.

కట్లు విప్పిన రోజు మా తోటికోడలు నా చేతిలో సుద్దముక్క పెట్టింది. "ఇకనుంచి మీరే రాయండి. మీ అక్షరాలు వీధి అవతలికి కూడా కనబడతాయి." గుడివాడ బదిలీ అయ్యేదాకా నేనే రాశాను. అయినా ఊరు దాన్ని చిన్నమ్మగారి బల్ల అనే పిలిచింది. క్షమించడంలోనూ ఆమే నాకంటే ముందుండటం నాకు చాలాకాలం మింగుడుపడలేదు.

మొన్న బస్సు దిగి ఇంటికి వెళ్ళేసరికి వాకిలి నిండా చెప్పులు. తోలువి, టైరువి, వీధి మలుపుదాకా. నేను పోతే ఇన్ని ఉంటాయా అనుకున్నాను. ఆమె శవం లోపలుండగానే అలా అనుకున్నాను. ముఖం చూసి, చల్లబడ్డ నుదుటిమీద చెయ్యి వేసి, బయటికి వచ్చాను.

నేనెప్పుడూ చూడని ఒకావిడ ఎండలో గొంతుక్కూర్చుని ఆ చెప్పుల్ని జతలుగా సర్దుతోంది.

"ఎవరు చెప్పారమ్మా మీకీ పని?"

"ఎవరూ చెప్పలేదండి. బయటికొచ్చేసరికి ఎవరివి వాళ్ళకి దొరకాలి గదండీ."

కొంచెం జరిగి నాకు చోటిచ్చింది. పక్కన కూర్చుని, ఒక తోలుచెప్పు చేతిలోకి తీసుకుని, దాని జత కోసం వెతకడం మొదలుపెట్టాను.