తోక నిక్కిన గొర్రె

నల్గొండలో పానగల్ రోడ్డు మీద నాకు వెల్డింగ్ దుకాణం ఉంది. ఇరవై రెండేళ్లుగా గేట్లు, గ్రిల్లులు చేస్తున్నాను. నా గేటు ముందు నిలబడి ఇంతవరకు ఎవరూ ఫొటో దిగలేదు. లింగస్వామి వచ్చేదాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు.

లింగస్వామి గొర్లు కాసే మల్లప్ప కొడుకు. మిలిట్రీలో పద్దెనిమిదేళ్లు చేసి 2018లో ఇంటికొచ్చాడు. మనిషి గుంజలా ఉంటాడు గానీ, రోడ్డు మీద లారీ టైరు పేలితే గోడ మూలకు ముడుచుకునేవాడు. చేతులు వణికేవి. ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం కిందే. ఒకరోజు అతని భార్య శోభ దుకాణానికి తీసుకొచ్చింది.

"అన్నా, ఇంట్ల ఒక్కడే కూసుంటే పిచ్చోడైతుండు. జర నీ దగ్గర కూసోనియ్యి."

"ఈడ చప్పుడైతది గద చెల్లే?"

"ఎర్కైన చప్పుడుకు భయపడడన్నా. ఎర్కలేని దానికే."

వారం కూర్చున్నాక నల్ల అద్దం మొహానికి పెట్టుకుని రాడ్డు పట్టాడు. "అన్నా, గీ అద్దంలకెళ్లి మంట ఒక్కటే కనవడ్తది. ఇంకేం యాదికి రాదు," అన్నాడు. రెండు నెలల్లో చెయ్యి నిలిచింది.

అక్కడితో ఆగితే నేను పుణ్యాత్ముణ్నే. కానీ అతను మూలన పడ్డ తుక్కు ఏరి ఒక గొర్రెను చేశాడు. సైకిల్ చైన్లు బొచ్చు, పాత పానాలు కాళ్లు, బేరింగులు కళ్లు. రోడ్డున పోయే బండ్లు ఆగడం మొదలైంది. మా ఇంటావిడ ఈదమ్మ పట్టుచీర కట్టుకొచ్చి, దాని మెడ మీద చెయ్యేసి ఫొటో దిగింది.

"నా గేటు పక్కన ఎన్నడన్న దిగినవానే?"

"గేటు పక్కన దిగితే వాచ్‌మన్ పెండ్లామనుకుంటరయ్యా."

మూడు రోజులు కూరలో ఉప్పు ఎక్కువైందని పోట్లాడాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

ఆ తర్వాత లింగస్వామి ఇంటిల్లిపాదీ పెళ్లికని కోస్గి వెళ్లారు. సరిగ్గా అప్పుడే కొత్త పార్కు పని చూసే సారొకాయన జీపు దిగి, "దీన్ని ఎవరు చేసిండ్రు?" అని అడిగాడు.

"నేనే సార్." నన్నడగకుండానే నా నోరు అనేసింది.

"జోడీకి ఇంకోటి చెయ్యి. రెండూ పార్కుల పెడదాం. నీ పేరు రాయిస్త."

షట్టరు సగం దింపుకుని ఐదు రోజులు చేశాను. సారు చూడ్డానికి వచ్చిన పూటే లింగస్వామి వాళ్లు బస్సు దిగి అటే వచ్చారు. ముసలి మల్లప్ప నా గొర్రె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"మేక మస్తుగున్నది జానయ్యా."

"మేక గాదు కాకా, గొర్రె!"

"తోక నిక్కి నిలవడ్డది గదరా! గొర్రె తోక కిందికుంటది. గా ముచ్చట గూడ ఎర్కలేదా?"

సారు అనుమానంగా చూశాడు. "మొదటిది నువ్వే చేసినవంటివి గదా?"

"అవును సార్," అన్నాను. రెండోసారి.

లింగస్వామి నా వంక చూశాడు. సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు శోభ వచ్చింది. "మళ్ల చేతులు వణుకుతున్నయన్నా. చాయ్ గ్లాసు పట్టుకుంటలేడు. పేరు నీకే ఉండనియ్యి. జాగ మాత్రం ఇయ్యి."

పేరు నాకే ఉండనిమ్మంది! చెప్పుతో కొట్టినా బాగుండేది. ఆమె ఎదుటే సారుకు ఫోన్ చేశాను. "సార్, మంచి గొర్రె లింగస్వామిది. మేక నాది." సారు నవ్విన నవ్వు పక్కనున్న శోభకూ వినపడింది.

ఆమె వెంటే వాళ్లింటికి వెళ్లాను. లింగస్వామి గోడకానుకుని కూర్చున్నాడు.

"తమ్మీ, గా తోక నాతోని దిగుతలేదు."

తల ఎత్తకుండానే అన్నాడు. "వంచితే ఇరుగుతది. కోసి మళ్ల అతకాలె. అబద్ధమెందుకాడినవే అన్నా?"

"కుళ్లు తమ్మీ."

"నా మీదనా?"

తన మీద కుళ్లుకునేవాడు ఒకడుంటాడని అతనికి ఎన్నడూ తట్టినట్టు లేదు. లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

దుకాణంలో అతను తోక కోసి అతుకుతుంటే నేను రాడ్లు అందించాను. మొదట రాడ్డు రెండుసార్లు జారింది. మూడోసారి నిలిచింది. అతుకు చీమల బారులా సన్నగా పడింది. ఇరవై రెండేళ్లలో అంత సన్నని అతుకు నా చేత పడలేదు. సంతోషించాల్సిన సంగతే, సంతోషించాను కూడా. కడుపులో మాత్రం మళ్లీ కొంచెం మండింది.